డెబ్బై మూడు లక్షల నలభై వేల ముప్పై మూడు

పెచ్చెట్టి త్రినాథ్ నా పెళ్ళాం కుడిచెయ్యి పాడుచేశాడు. ఈ మాట రావులపాలెం సెంటర్లో టీ బడ్డీ దగ్గర చెప్పాను. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆసామికి చెప్పాను. ఆ త్రినాథ్ వాళ్ళ పెదనాన్న పెద్దకార్యం భోజనాల్లో, విస్తరి ముందు కూర్చుని, వాళ్ళవాళ్ళందరూ వింటుండగా చెప్పాను. ఇప్పుడు రాసి పెడుతున్నాను.

ఈ త్రినాథ్ విశాఖపట్నంలో నరాల మీద పరిశోధన చేసే డాక్టరు. నా పెళ్ళానికి స్వయానా తమ్ముడు. అతను అచ్చు వేయించిన పరిశోధన పత్రం ముప్పై ఒక్క పేజీలు. అందులో నా పేరు ఎక్కడుందో చూపించమని అతన్నే అడిగాను. ఆఖరి పేజీ అడుగున, చీమంత అక్షరాల్లో, ‘స్థానిక పనివారి సహకారంతో’ అని ఉంది. ఆ స్థానిక పనివారిని నేనే. ఒక్కణ్ణే.

నా పేరు కడలి భీమశంకరం. రావులపాలెంలో లేతు షెడ్డు. ఏడో తరగతి సగంలో పుస్తకాలు మూసేశాను. మా నాన్న కళ్ళాల్లో ధాన్యం కొలిచే మనిషి. ఆయన నడుం పడిపోయాక ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించాలి, ముగ్గురు అన్నదమ్ముల్లో పొడుగ్గా ఉన్నవాణ్ణి నేను. అప్పటి నుంచి ఇనుము కోస్తూనే ఉన్నాను. రైసు మిల్లుల్లోనూ కోత మిషన్లలోనూ అరిగిపోయిన పళ్ళచక్రాలకు బదులు కొత్తవి చేసిస్తాను. చదువుకున్నవాళ్ళు బొమ్మ గీసి పంపుతారు. ఆ బొమ్మ ప్రకారం చేస్తే చక్రం తిరగదు. తిరిగేలా నేను చేస్తాను, మెప్పు బొమ్మ గీసినవాడికి పోతుంది.

మా పనిలో అంకెలు రెండు రకాలు: లొంగేవి, మొండివి. అరవై పళ్ళ చక్రం కావాలంటే సులువు. సగం చేసి, సగంలో సగం చేసి, దాన్ని మూడు ముక్కలు చేసి, గీతలు పెట్టుకుంటూ పోవడమే. నూట ఇరవై ఏడు పళ్ళు కావాలన్నారనుకోండి, ఆ అంకె ఎక్కడా విరగదు. రెండుతో పోదు, మూడుతో పోదు, దేనితోనూ పోదు. కాగితం పట్టీ మీద నూట ఇరవై ఏడు గళ్ళు ఒక్కొక్కటే గీసి, దాన్ని చెక్కబిళ్ళకు చుట్టి, గడికొక పన్ను చొప్పున కొయ్యాలి. ఒక పగలంతా పడుతుంది. అలాంటి అంకెను బళ్ళో ప్రధాన సంఖ్య అంటారని తర్వాత త్రినాథ్ చెప్పాడు. అన్నిటికన్నా సతాయించే అంకెకు ప్రధానమని పేరు పెట్టారంటే, పెట్టినవాడు ఒక్క చక్రం కూడా కోసి ఉండడు.

నా పెళ్ళాం వీరవేణిది ఆత్రేయపురం. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది పూతరేకుల పని. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, రెండు చేతుల్తో చెరో కొసా పట్టి, వేడి కుండ మీద ఒక్క లాగు లాగుతుంది. కళ్ళు ఆర్పి చూసేసరికి కుండ మీద రేకు తేలి ఉంటుంది, అవతల మనిషి కనబడేంత పల్చగా. రోజుకు మూడు వందల రేకులు తీసేది. చెయ్యి వెంట్రుకవాసి తొణికినా రేకు చిరిగిపోతుంది. ఆవిడ చెయ్యి తొణకడం పెళ్ళైన ఇరవై మూడేళ్ళలో నేను చూడలేదు.

మేమిద్దరం పోట్లాడుకునేది ఒక్కచోటే, బియ్యం కొలిచేచోట. మా నాన్న ధాన్యం కొలిచినన్నాళ్ళూ మొదటి కుంచాన్ని ‘లాభం’ అనేవాడు. ఆ తర్వాత రెండు, మూడు. ఆయన నోట ‘ఒకటి’ అన్న మాట మేం వినలేదు. నాకూ అదే అబ్బింది. పళ్ళు లెక్కపెట్టినా, బోల్టులు లెక్కపెట్టినా లాభం, రెండు, మూడు. వీరవేణి పుట్టింట్లోనూ లాభం అనే మొదలుపెడతారు. కాకపోతే ఆ లాభం సోలెడూ తీసి దేవుడి గూట్లో పెట్టేసి, అప్పుడు ఒకటి నుంచి లెక్క ఎత్తుకుంటారు. పది సోలలు నానబొయ్యమంటే డబ్బాలో పదకొండు తగ్గేవి.

“లాభం లెక్కలోకి రాదండి. అది దేవుడిది,” అనేది.

“దేవుడికి విడిగా పెట్టు. లాభం అంటే ఒకటే.”

“ఒకటే అయితే ఒకటి అనొచ్చు కదా?”

“అనకూడదు.”

“ఏం, ఎందుకనకూడదంట?”

“మా నాన్న అనలేదు.”

“మీ నాన్న గారు చెప్పులు కూడా వేసుకోలేదంట. మరి మీరేసుకుంటన్నారుగా!”

ఈ పోట్లాట ఎవరూ గెలవలేదు. ఆవిడ లెక్క ఆవిడది, నా లెక్క నాది అని వదిలేశాం. వదిలెయ్యకుండా అప్పుడే తేల్చుకుని ఉంటే బాగుండేది.

వణుకు ముందు బొటనవేలికి వచ్చింది. చలేమో అంది. తర్వాత మణికట్టుకు, ఏడాది తిరిగేసరికి రెండు చేతులకూ వచ్చింది. చిరిగిన రేకులు నా కంట పడకుండా పొయ్యిలో వేసేసేది. ఒకరోజు అన్నానికి పెందలాడే వచ్చేసరికి, పొయ్యి ముందు కూర్చుని ఉంది. చేతిలో గుడ్డ, గుడ్డ నుంచి పిండినీళ్ళు టపటపా కారుతున్నాయి. మంటలో రేకులు కాలుతున్నాయి.

“ఎన్ని?” అన్నాను.

“లెక్కెట్టలేదు,” అంది. “తిన్నారా?”

కాకినాడ తిప్పాను, హైదరాబాదు తిప్పాను. మాత్రలు వేస్తే వణుకు కాస్త తగ్గేది, కానీ మనిషి గోడకు చేరగిలబడి నిద్రపోయేది. మాత్ర మానేస్తే మామూలే. అప్పుడు వచ్చాడు త్రినాథ్, ఒక తోలు పెట్టె పట్టుకుని.

మూడు వారాలు మా ఇంట్లోనే ఉండి అక్క చేతుల వణుకు కొలిచాడు. ఆ తర్వాత ఒక ఉదయం వంటింట్లో స్టీలు పళ్ళెం బోర్లించి, దాని మీద అక్క చెయ్యి పెట్టించాడు. పళ్ళెం గలగలమంటోంది. ఆవిడ మణికట్టు మీద వేలితో పన్నెండు దెబ్బలు కొట్టి ఆపాడు. గలగల ఒక్క క్షణం తడబడి, మళ్ళీ అందుకుంది.

“విను బావా. ఎలా కొడుతోంది?”

విన్నాను. మూడేసి, మూడేసి.

“పన్నెండులో నాలుగు మూళ్ళు దాక్కుని ఉన్నాయి. వణుకు వాటిని పట్టుకుని లేచింది. ఇప్పుడు చూడు.” ఈసారి పదమూడు కొట్టాడు. పళ్ళెం ఆగింది. చెయ్యి మెట్టు కోసం చీకట్లో కాలితో తడుముకునే మనిషిలా అటూ ఇటూ కదిలింది. ఊపిరి పీల్చి వదిలేంతసేపు నా పెళ్ళాం చెయ్యి వణకలేదు. తర్వాత మళ్ళీ మొదలైంది.

“పదమూడులో పట్టుకోడానికి ఏమీ లేదు,” అన్నాడు త్రినాథ్. “అందుకే ఆగింది. కానీ పదమూడు చాలదు. నరం వణుకును పూర్తిగా మరిచిపోవాలంటే ఆగకుండా ఎన్నో దెబ్బలు పడాలి. ఎలుకకైతే వేల దెబ్బలు చాలు. అక్కకు లెక్క తేలింది.” కాగితం మీద రాసి చూపించాడు. 73,40,033.

“అటు మూడు, ఇటు మూడు తేడా వచ్చినా నరం మరిచిపోతుంది. అయితే ఆ ఏడు అంకెల్లో విరగనిది ఇదొక్కటే.”

వీరవేణి కాగితం లాక్కుంది. దాని వణుకుడు చప్పుడు వంటిల్లంతా వినబడింది. “ముప్పై అయితే పదితో పోద్ది. ముప్పై ఒకటి…”

“అంకెలన్నీ కూడక్కా. పద్దెనిమిది. మూడుతో పోతుంది.”

“ముప్పై రెండు, ముప్పై నాలుగు, ముప్పై ఆరు సరిసంఖ్యలు. ముప్పై అయిదు అయిదుతో పోద్ది.” నా వైపు చూసింది. “ఇది మీలాంటిదేనండి. మొండిది.”

కంప్యూటర్‌తో కొట్టించి పడెయ్యక ఇదంతా నాకెందుకు చెబుతున్నావని అడిగాను.

“కరెంటే సెకనుకు యాభైసార్లు వణుకుతుంది బావా. గదిలో చేతిగడియారం ఉన్నా నరం దాని తాళం అందుకుంటుంది. రెండు ఎలుకలు అలాగే పాడయ్యాయి. కరెంటు లేకుండా, బరువుతో నడిచే ఇత్తడి యంత్రం కావాలి. సెకనుకు ఇరవై చొప్పున కొట్టి, సరిగ్గా ఈ అంకె దగ్గర తనంతట తానే ఆగాలి. మూడు కంపెనీలను అడిగాను. ఈ అంకెకు పళ్ళచక్రాలు కుదరవన్నారు.”

కుదరవు మరి. మొండి అంకెకు చక్రాల జతలు పనికిరావు, దానికి డెబ్బై మూడు లక్షల పళ్ళున్న ఒకే చక్రం కావాలి. అది మా ఊరంత వెడల్పుంటుంది. అక్క కోసం కాదు, చక్రం కోసం వచ్చాడన్నమాట అని లోపల అనుకున్నాను. పైకి మాత్రం, “ఒకటి తగ్గిస్తే ఎంత?” అన్నాను.

సుద్దముక్కతో గచ్చు మీద భాగించడం మొదలుపెట్టాను. 73,40,032 సగమైంది. మళ్ళీ సగమైంది. సగాలు చేస్తూ పోతే ఇరవైసార్లు సగమై, ఆఖర్న ఏడు మిగిలింది. అంత లొంగుబాటు అంకెను నా జన్మలో చూడలేదు. మా మొండిదాని పక్కింట్లోనే కాపురం ఉంది.

“పదహారుకు ఒకటి చొప్పున అయిదు జతలు, ఏడుకు ఒకటి చొప్పున ఒక జత. అంతే,” అన్నాను. “ఆరు పెద్ద చక్రాలకూ తలా ఒక గాడి పెడతాను. ఆరు గాడులూ ఒక వరసలోకి వచ్చినప్పుడే ఊచ పడి యంత్రం ఆగుద్ది. ముప్పై రెండు దగ్గర ఆగుద్ది.”

“ఒకటి తగ్గింది కదా బావా?”

“ఆ ఒక్కటీ చేత్తో వేద్దాం.”

త్రినాథ్ లేచి నన్ను కౌగిలించుకున్నాడు. చదువుకున్నవాడు నన్ను కౌగిలించుకోవడం అదే మొదలు, అదే ఆఖరు. ఆ ఒక్కటీ ఎప్పుడు వెయ్యాలో అతను అడగలేదు, నేను చెప్పలేదు. అడగాల్సిన విషయంలా ఇద్దరికీ తోచలేదు.

ఇత్తడికీ, అప్పటిదాకా ఆస్పత్రుల్లో అయినదానికీ కలిపి లంకలో భూమి అమ్మేశాను. గోదావరి మధ్య లంకలో అరటితోట అది, నూట పదమూడు సెంట్లు. పక్క చేను ఆసామి సత్తిరాజు కొన్నాడు. గెలలు దిగేదాకా తోట మా చేతిలోనే ఉండేటట్టు మాట. అక్కడికి కరెంటు తీగ లేదు. యంత్రం పెట్టడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు. అమ్మేసిన భూమిలో, నేను కట్టుకున్న తాటాకు పాకలో ప్రయోగం.

చక్రాలు కోస్తున్న ఆ రెండు నెలలూ సాయంత్రాలు మరో పని పెట్టుకున్నాం. ఆ అంకె నిజంగా మొండిదేనని త్రినాథ్ కంప్యూటర్ చెప్పింది. నేను చూడని కొలతను నేను నమ్మను. రెండు వేల ఏడు వందల తొమ్మిది దాకా ఉన్న మొండి అంకెలన్నిటితో భాగించి చూస్తే చాలని అతనే చెప్పాడు. అవి దాదాపు నాలుగు వందలు. పట్టీ రాసి ఇమ్మన్నాను. వీరవేణి అరుగు మీద కూర్చుని పట్టీ చదివేది, నేను పాత లెక్కల పుస్తకంలో భాగించేవాణ్ణి. ఆవిడ చేతిలో పట్టీ అదురుతుంటే ఒక్కోసారి ఒకే అంకెను రెండుసార్లు చదివేది. నేను రెండోసారీ భాగించేవాణ్ణి.

“పదకొండు.”

“ఎనిమిది మిగిలింది.”

“పదమూడు.”

“పన్నెండు మిగిలింది.”

“అయ్యో, ఒక్కటి తక్కువ! పోనీ, పదిహేడు.”

“పదకొండు మిగిలింది.”

మూడో సాయంత్రమో నాలుగో సాయంత్రమో, “నూట పదమూడు,” అని ఆగిపోయింది. “మన లంక.”

నిజమే. మా నాన్న ఆ భూమిని ముగ్గురు కొడుకులకూ పంచబోతే తాడు సమంగా తెగలేదు. విసిగిపోయి అన్నలకు ఊళ్ళో స్థలాలిచ్చి, లంక మొత్తం నాకు వదిలాడు. పెళ్ళైన కొత్తలో వేణి పొద్దున్నే పడవెక్కి నాతో పాటు నీళ్ళు పెట్టడానికి వచ్చేది. అరటాకులో అన్నం తిని, ఆ ఆకుతోనే నన్ను విసిరేది.

“అయిదు మిగిలింది,” అన్నాను.

“ఎక్కడ?”

“నూట పదమూడుతో భాగిస్తే.”

“ఓ,” అంది. పట్టీ సవరించుకుని తర్వాతి అంకె చదివింది.

పంతొమ్మిది సాయంత్రాలకు పట్టీ అయిపోయింది. ఆఖరిది రెండు వేల ఏడు వందల ఏడు. పదమూడు వందల యాభై ఆరు మిగిలింది. నాలుగు వందలసార్లూ ఎంతో కొంత మిగులుతూనే ఉంది. నేను పెన్సిల్ కింద పెడితే వేణి నా చూపుడువేలి మీది కాయను నిమిరింది. ఆవిడ వేళ్ళు వణుకుతున్నాయి కాబట్టి అది నిమరడమో వణకడమో బయటివాడికి తెలియదు. నాకు తెలుసు.

సోమవారం తెల్లారుతూనే పాకలో మొదలుపెట్టాం. గడియారాలు, ఫోన్లు అన్నీ ఒడ్డునే వదిలేశాం. ముందు కుడిచెయ్యి, నయమైతే తర్వాత ఎడమచెయ్యి అని అనుకున్నాం. వేణి నులక మంచం మీద కూర్చుంది. మణికట్టుకు తోలు పట్టీ, పట్టీలో నరం మీద ఆనుతూ రాగి మొన. యంత్రం నుంచి ఆ మొన దాకా సైకిల్ బ్రేకు తీగ, రెండు బారల పొడవు, ఆవిడ లేచి నాలుగడుగులు వేసేందుకు వీలుగా. పాక బయట తాటిదూలానికి ఇసుక బస్తా. అది మెల్లగా దిగుతుంటే చక్రాలు తిరుగుతాయి. నేల దాకా దిగేలోపు ఎవరో ఒకరు తాడు చుట్టి దాన్ని పైకి లాగాలి. చేత్తో ఒక్కో దెబ్బ వెయ్యడానికి యంత్రం పక్కన ఒక మీట.

మీట మీద వేలు పెట్టాను. “లాభం!” అని గట్టిగా అని, ఒక్క దెబ్బ వేసి, బస్తా వదిలాను. చక్రాలు కదిలాయి. పాకంతా తుమ్మెద దూరినట్టు రొద.

నాలుగు రోజులు ఆ రొదలో బతికాం. నేనూ త్రినాథూ వంతులేసుకుని బస్తా లాగేవాళ్ళం. నేను ఆవిడకు అన్నం కలిపి పెట్టేవాణ్ణి, తల దువ్వేవాణ్ణి.

“పాపిట వంకర తీశారు,” అనేది.

“ఇనుము కోసేవాణ్ణి. నీ జుట్టు ఎక్కడ నిలబడుద్ది?”

“ఇనుముకు మాత్రం నూలు పట్టి మరీ గీత్తారుగా!”

త్రినాథ్ నవ్వేవాడు. రెండో రోజు అతను నాకు వంట చెయ్యడం రాదని చెప్పి తనే చేశాడు, పప్పు మాడ్చాడు. చిన్నప్పుడు అక్క తనను చంకనేసుకుని ఎన్ని రేకులు తినిపించిందో చెప్పుకొచ్చాడు. మూడో రోజుకు ఆవిడ కుడిచేతి వణుకు పల్చబడింది. నాలుగో రోజు నీళ్ళగ్లాసు ఎత్తుకుని తాగింది. చుక్క తొణకలేదు. నేను బయటకు పోయి అరటిచెట్లకేసి చూస్తూ నిలబడ్డాను.

శుక్రవారం ఎండ నడినెత్తికి వస్తోంది. బస్తా లాగడం నా వంతు. తాడు చేతిలో ఉండగా లోపల ఊచ పడ్డ చప్పుడు వినబడింది. రొద ఆగిపోయింది. తాడు కొక్కేనికి తగిలించి లోపలికి ఉరికాను. త్రినాథ్ వేలు మీట మీది నుంచి లేస్తోంది.

“అయింది బావా!” అన్నాడు. కళ్ళలో నీళ్ళు. “ఆ ఒక్కటి కూడా వేసేశాను.”

“ఏ ఒక్కటి?”

“అదే… ఆఖరిది. చేత్తో వేద్దామన్నావు కదా.”

“వేశాను కదరా! నీ ముందే కదా లాభం అన్నాను!”

అతని మొహం పాలిపోయింది. వాళ్ళింట్లో లాభం లెక్కలోకి రాదు. డెబ్బై మూడు లక్షల నలభై వేల ముప్పై నాలుగు. నేను సుద్దముక్క కోసం వెతకలేదు, చూస్తూనే తెలుస్తోంది. సరిసంఖ్య, మూడుతోనూ పోతుంది. ఆరుతో పోతుంది.

మంచం మీద ఆవిడ కుడిచెయ్యి కదిలింది. ఆరుసార్లు కొట్టుకుని ఆగింది. మళ్ళీ ఆరు. మళ్ళీ ఆరు. ఆ నాటి నుంచి ఈ నాటి వరకు అది అంతే. మునుపటి వణుకైనా నిద్రలో ఆగేది. ఇది నిద్రలోనూ ఆగదు. అన్నీ మరిచిపోయిన నరానికి గుర్తున్నది ఆ ఆరు ఒక్కటే, ఇంక దాన్ని ఏ అంకే చెరపలేదని త్రినాథ్ చెప్పాడు. నేను అతని చొక్కా పట్టుకున్నాను. వేణి అరవబట్టి వదిలాను.

గెలలు దిగాయి. తోట సత్తిరాజు చేతికి పోయింది. యంత్రం గోనె పట్టాలో చుట్టి షెడ్డు మూల పడేశాను. త్రినాథ్ వచ్చినప్పుడల్లా నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి. తలొంచుకుని వినేవాడు. నెలకోసారి వచ్చి మరీ వినేవాడు.

ఎడమచేతికి మళ్ళీ చేద్దామని ఏడు నెలల తర్వాత అడిగింది వేణి. అతను కాదు, నేను కాదు.

“ఉన్న ఒక్కటీ పోతే?” అన్నాను.

“ఇది ఉన్నట్టా ఏంటి?” అని ఎడమచెయ్యి చూపించింది. ముందటికన్నా ఎక్కువగా వణుకుతోంది. “ఒక్క రేకండి. ఒక్కటంటే ఒక్కటి తీసి మీకు పెట్టాలి. నామాట ఇనండి.”

సత్తిరాజు పాక అలాగే ఉంచాడు. నా భూమిలోకి నేను చుట్టంలా వెళ్ళాను. “మీ తోటే అనుకోండి అన్నగారూ,” అన్నాడు. ఆ మంచితనానికి ఒళ్ళు మండింది.

ఈసారి మొదలుపెట్టే ముందు వేణి అంది: “లాభం అనమాకండి.”

“అనను.”

“నువ్వు మీట జోలికి రామాకు తమ్ముడూ.”

“రానక్కా.”

ముందు దెబ్బ వెయ్యకుండా బస్తా వదిలాను. మళ్ళీ నాలుగు రోజులు. ఈసారి ఎవరూ నవ్వలేదు. బస్తా అంతా త్రినాథే లాగాడు, అరచేతులు బొబ్బలెక్కినా నన్ను తాడు పట్టుకోనివ్వలేదు. నేను మీట పక్కన కూర్చున్నాను. ఆవిడ కుడిచెయ్యి నా మోకాలి మీద ఆరేసి ఆరేసి కొట్టుకుంటూనే ఉంది.

అయిదో రోజు మధ్యాహ్నం ఊచ పడింది.

రొద ఆగిన ఆ పాకలో గోదావరి చప్పుడు వినబడింది. మీట మీద వేలు పెట్టాను. నా నాలుక మీదికి లాభమే వచ్చింది. నలభై తొమ్మిదేళ్ళ అలవాటు. దాన్ని మింగాను. వేణి నన్నే చూస్తోంది.

“ఒకటి,” అన్నాను, దెబ్బ వేశాను.

ఎడమచెయ్యి దుప్పటి మీద పడి ఉంది. చూశాం. గుమ్మంలో త్రినాథ్ తాడు పట్టుకునే నిలబడ్డాడు. చెట్టు నీడ పాకలోకి జానెడు జరిగేదాకా చూశాం. అది కదల్లేదు.

“ఏవండీ,” అంది వేణి, “మీరు ఒకటి అన్నారు!”

రేకు తియ్యడానికి రెండు చేతులూ కావాలి. యంత్రం విప్పి, దాని ఆఖరి చక్రాన్ని కరిగించి, గుడ్డ ఒక కొసను పట్టుకునే ఇత్తడి చెయ్యి పోతపోశాను. కుండ పక్కన పాతాను. అది ఎటు లాగితే అటు తిరుగుతుంది, తొణకదు. మొదటి రోజు పన్నెండు రేకులు చిరిగాయి. నేను పక్కన పీట వేసుకుని ఆవిడ కుడిచెయ్యి నా రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాను, పనికి అడ్డం రాకుండా. ఇప్పుడు అదే నా ఉద్యోగం. పొద్దున రెండు గంటలు షెడ్డు తియ్యను.

పదమూడోది తేలింది. అవతల పొయ్యి మంట కనబడేంత పల్చగా ఉంది.

ఆవిడ దాన్ని అలాగే చూస్తూ అంది: “ఆ రోజు ఆడు వెయ్యనన్నాడండి.”

“ఎవడు?”

“తమ్ముడు. ఊచ పడ్డాక ఆగాడు. బావను రానీ అక్కా, అడుగుదాం అన్నాడు. నేనే, మీ బావ చేత్తో ఒకటి వెయ్యాలన్నారు కదరా, ఆలస్యమైపోద్ది, వెయ్యి వెయ్యి అని తొందర పెట్టాను. మీరు లాభం అన్నది నేనూ ఇన్నాను. అది దేవుడిదనుకున్నాను.”

నా చేతుల మధ్య ఆరు దెబ్బలు పడ్డాయి. ఆగి, మళ్ళీ ఆరు.

“చెప్పొద్దక్కా అని ఒట్టేయించుకున్నాడు. బావ నన్ను తిట్టుకుంటే ఇంటికెళ్ళిపోతాను, నిన్ను తిట్టుకుంటే నువ్వెక్కడికెళతావు అన్నాడు.”

పరిశోధన పత్రంలో పద్దెనిమిదో పేజీలో ఒక వాక్యం ఉంది, అతనే చదివి వినిపించాడు. మొదటి ప్రయోగంలో ఒక దెబ్బ అదనంగా పడినది, ఆ పొరపాటు పూర్తిగా పరిశోధకునిది అని. నా పేరు ఎందుకు రాయలేదో కూడా అప్పుడు తెలిసింది. పేరు రాస్తే పొరపాటులో నాకూ వాటా అంటగడతారని భయపడ్డాడట. ఆ భయం ఎవరు పడమన్నారు? ఇన్నాళ్ళూ నా చేత తిట్లు తిని నన్నొక వెధవను చేశాడు. పెచ్చెట్టి త్రినాథ్ మీద నాకు కోపం ఉందంటే ఉండదూ? ఈసారి వచ్చినప్పుడు మొహం మీదే చెబుతాను. భోజనం పెట్టాకే చెబుతాను.

వేణి రేకులో నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి, ఎడమచేత్తో మడిచింది. “పట్టండి,” అంది. నా చేతులు ఖాళీ లేవు. నోట్లో పెట్టింది. పంటికి తగలకుండానే కరిగిపోయింది.

“ఎలాగుంది?”

“బెల్లం ఎక్కువైంది.”

“ఇంకోటి కావాలా?”

“లాభం లెక్కలోకి రాదుగా,” అన్నాను. “ఇప్పుడు ఒకటి పెట్టు.”

ఇక నాకు పోయిందేమిటో రాసి ముగిస్తాను. గోదావరి లంకలో, అరటితోటా తాటాకు పాకా కలుపుకుని, ఎకరా పదమూడు సెంట్లు. ఒక్క సెంటు కూడా మిగలకుండా.